చైనీస్ పిల్లలకు ‘హార్డ్లీ’ ఎందుకు ఎక్కదు, ఎలా ఎక్కించాలి

మీ సమస్యను ముందు నా మాటల్లో చెప్తాను, చదివే మిగతావాళ్లకూ తెలుస్తుంది. మీరు సింగపూర్‌లో ఇంగ్లీష్ ట్యూషన్ చెప్తున్నారు. పిల్లల్లో ఎక్కువమంది ఈ మధ్యే చైనా నుంచి వచ్చినవాళ్లు. ఒకడు “ఐ హార్డ్లీ కాంట్ హియర్” అని రాస్తాడు. ఇంకొకడు “ఐ ఆల్మోస్ట్ డోంట్ ఈట్ బ్రెడ్” అంటాడు. మరో అమ్మాయి వాళ్ల అన్నయ్యను మెచ్చుకోబోయి “హి స్టడీస్ హార్డ్లీ” అంది. హార్డ్లీ అంటే ‘జీహు బు’ అని వాళ్ల డిక్షనరీలో ఉంది, అది వాళ్లకు కంఠతా వచ్చు, అయినా తప్పులు ఆగట్లేదు. ఈ హార్డ్లీ, స్కేర్స్లీ, బేర్లీ, సెల్డమ్, రేర్లీ అనేవి అసలు నెగటివ్ మాటలా కావా, పిల్లలకు ఏమని చెప్పాలి అని అడిగారు. ఒక టెస్ట్ పేపర్ ప్రశ్న గురించి కూడా అడిగారు, దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను మెల్బోర్న్‌లో ఏళ్ల తరబడి చైనా నుంచి వచ్చే విద్యార్థులకు ఇంగ్లీష్ చెప్తున్నాను. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, తప్పులు ఆగకపోవడానికి కారణం వాళ్లు కంఠతా పట్టిన ఆ ‘జీహు బు’ అన్న అర్థమే. అర్థం తప్పని కాదు. వాక్యం కట్టేటప్పుడు అది పిల్లవాణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

‘జీహు’ అంటే దాదాపు. ‘బు’ అంటే కాదు, లేదు. చైనీస్‌లో ఇవి రెండు వేరు వేరు మాటలు, ఎవరి పని వాళ్లది. ‘జీహు’కి నెగటివ్‌తో అసలు సంబంధమే లేదు. దాదాపు అందరూ వచ్చారు అనడానికి కూడా అదే ‘జీహు’. ఇప్పుడు మీ కుర్రాడికి “నువ్వు చెప్పేది సరిగ్గా వినపడట్లేదు” అని చెప్పాలనుంది. వాడి మనసులో మెదిలే చైనీస్ వాక్యం “వో జీహు థింగ్ బు జియెన్”. ‘వో’ అంటే నేను. ‘థింగ్’ అంటే విను. చివరి ‘జియెన్’ ఆ శబ్దం చెవికి అందిందని చెప్తుంది, మధ్యలో కూర్చున్న ‘బు’ అందలేదని చెప్తుంది. వాడు ‘వో’ దగ్గర ఐ పెట్టాడు. ‘జీహు’ దగ్గర హార్డ్లీ పెట్టాడు. ‘థింగ్ బు జియెన్’ అంతా కలిపి కాంట్ హియర్ అన్నాడు. ఒక్క మాట కూడా ఎక్కువ వాడలేదు, ఒక్కటీ వదల్లేదు. మీరేమో డబుల్ నెగటివ్ అని ఎర్ర ఇంకుతో కొట్టేస్తారు. వాడికి అక్కడ కనిపించే నెగటివ్ ఒక్కటే. అందుకే ఆ దిద్దుబాటు వాడికి అర్థం కాదు, మళ్లీ వారం అదే రాస్తాడు.

ఈ విషయంలో మనం కూడా వాళ్ల జట్టే. తెలుగులో కూడా “దాదాపు ఏమీ వినపడట్లేదు” అంటాం, లేదనడం క్రియకే అంటుకుని ఉంటుంది. కాబట్టి పిల్లవాడి మనసులో ఏం జరుగుతోందో ఇంగ్లీష్ వాళ్లు రాసిన గ్రామర్ పుస్తకాల కన్నా మీకే బాగా తెలుస్తుంది. ఆ వీలు వాడుకోండి.

నేను క్లాసులో చేసేది ఇది. మొదట ‘దాదాపు’ అన్న మాటే ఎత్తను. బోర్డు మీద మామూలు నెగటివ్ వాక్యాలు రాస్తాను, హార్డ్లీ ఊసు లేకుండా. “ఐ కాంట్ హియర్ యు.” “హి ఈజ్ నాట్ అవేక్.” “ఐ హావ్ నాట్ స్టార్టెడ్.” తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి నాట్ కొట్టేయమంటాను, కొట్టేసిన చోటే హార్డ్లీ రాయమంటాను. “ఐ కెన్ హార్డ్లీ హియర్ యు.” “హి ఈజ్ హార్డ్లీ అవేక్.” “ఐ హావ్ హార్డ్లీ స్టార్టెడ్.” కొట్టేయడం చేత్తోనే జరగాలి, నోటితో చెప్పిస్తే లాభం లేదు. హార్డ్లీ వస్తే నాట్ పోవాలి, రెండూ ఒకే కుర్చీలో కూర్చోవు అన్నది అప్పుడు కళ్లకు కనిపిస్తుంది. పైగా హార్డ్లీ వాక్యంలో ఎక్కడ రావాలన్న ప్రశ్నకు కూడా జవాబు దొరికిపోతుంది. నాట్ ఎక్కడుంటే అక్కడే. క్యాన్ తర్వాత, ఈజ్ తర్వాత, హావ్ తర్వాత. విడిగా రూల్ చెప్పక్కర్లేదు.

ఇంతవరకు తేలిక. కష్టం డూ, డజ్, డిడ్ వచ్చినప్పుడు. “ఐ డోంట్ నో హిమ్” అన్న దాంట్లో నాట్ పోతే డూ కూడా పోవాలి, “ఐ హార్డ్లీ నో హిమ్”. “హి డజ్ నాట్ ఈట్” అయితే డజ్ పోతుంది, కానీ దాని చివరి ఎస్ వెళ్లి ఈట్‌కి అంటుకోవాలి, “హి హార్డ్లీ ఈట్స్”. “ఐ డిడ్ నాట్ స్లీప్” అయితే డిడ్ మోస్తున్న భూతకాలం వెనక్కొచ్చి స్లీప్‌ని స్లెప్ట్ చేయాలి, “ఐ హార్డ్లీ స్లెప్ట్”. మనకు ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. తెలుగులో క్రియ కాలాన్ని బట్టి, మనిషిని బట్టి మారుతూనే ఉంటుంది కాబట్టి ఏదో ఒకటి మారుతుందని మనం ముందే ఎదురుచూస్తాం. చైనీస్‌లో క్రియ రూపం అసలు మారదు. నేను తిన్నా, వాడు తిన్నా, నిన్న తిన్నా, రేపు తిన్నా ‘చి’ అన్న మాట ‘చి’గానే ఉంటుంది. అందువల్ల ఈ పిల్లలు “హి హార్డ్లీ ఈట్”, “ఐ హార్డ్లీ స్లీప్ లాస్ట్ నైట్” దగ్గర ఆగిపోతారు. రెండు క్లాసులు ఒక్క దీనికే పెట్టండి. దీన్ని తొందరగా దాటేసినవాళ్లు తర్వాత ప్రతి పాఠంలోనూ ఇక్కడికే తిరిగి రావలసి వస్తుంది.

ఇప్పుడు ఆ “ఆల్మోస్ట్ డోంట్” సంగతి. ఇది చాలా మందిలో చూస్తాను, చాలా మంది టీచర్లు చూసీ చూడనట్టు వదిలేస్తారు కూడా, అర్థం అవుతోంది కదా అని. “వో జీహు బు చి మియెన్‌బావ్” అన్నది వాడి వాక్యం. ‘జీహు’కి ఆల్మోస్ట్ అన్న అర్థం కరెక్టే కాబట్టి “ఐ ఆల్మోస్ట్ డోంట్ ఈట్ బ్రెడ్” అన్నాడు. ఇంగ్లీష్‌లో ఆల్మోస్ట్ నెవర్‌తో కలుస్తుంది, నోబడీతో కలుస్తుంది, నథింగ్‌తో కలుస్తుంది, డోంట్‌తో మాత్రం పొసగదు. “ఐ ఆల్మోస్ట్ నెవర్ ఈట్ బ్రెడ్” బాగుంటుంది, “ఐ హార్డ్లీ ఎవర్ ఈట్ బ్రెడ్” ఇంకా సహజంగా ఉంటుంది.

వర్తమానంలో ఇది వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అంతే. భూతకాలంలోకి వెళ్తే అర్థమే తిరగబడుతుంది. రాత్రంతా నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డ విద్యార్థి వచ్చి “ఐ ఆల్మోస్ట్ డిడ్ నాట్ స్లీప్” అంటాడు. వాడి ఉద్దేశం కునుకు కూడా సరిగ్గా పట్టలేదని. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాడికి దాన్ని వేరేలా తీసుకునే అవకాశం ఉంది: పడుకోకుండానే ఉండిపోయేవాణ్ణి, కానీ చివరికి పడుకున్నాను అని. “ఐ ఆల్మోస్ట్ డిడ్ నాట్ కమ్” అంటే మరీ స్పష్టం. రాకూడదనుకున్నాను, కానీ వచ్చాను. రావడమైతే జరిగింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి, మనిషి వచ్చాడా రాలేదా, పడుకున్నాడా లేదా అని అడగండి. చర్చ మొదలవుతుంది, చైనీస్‌లోనే వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి.

మాట్లాడేటప్పుడు మాత్రం హార్డ్లీ కోసం పట్టుబట్టకండి. చైనీస్ వాళ్లు రోజువారీ మాటల్లో ఎక్కువగా వాడేది ‘బు జెన్‌మ’, మన చెవికి జన్మ లాగే వినిపిస్తుంది. పెద్దగా చూడను, అంతగా తినను అన్న చోట అదే వాడతారు. దానికి సరిసమానమైన ఇంగ్లీష్ “ఐ డోంట్ వాచ్ మచ్ టీవీ”, “ఐ డోంట్ రియల్లీ ఈట్ బ్రెడ్”. ఇవి తేలిక, ఎవరికీ వింతగా ఉండవు. సెల్డమ్ అయితే నోటి మాటలో పుస్తకాల వాసన కొడుతుంది, స్కేర్స్లీ ఇంకా ఎక్కువ. చదివినప్పుడు అర్థమైతే చాలు.

హార్డ్, హార్డ్లీ గొడవ వేరే రకం, త్వరగా చెప్పేస్తాను. చైనీస్‌లో ఒక గుణాన్ని క్రియ ముందు వాడాలంటే చివర ‘ద’ చేరుస్తారు. ఆ ‘ద’ ఎక్కడుంటే ఇంగ్లీష్‌లో అక్కడ ‘లీ’ అని చాలామంది పిల్లల బుర్రలో పడిపోయి ఉంటుంది. చాలా చోట్ల పనికొస్తుంది కూడా. కష్టపడి చదువుతాడు అనడానికి ‘నూలీ ద’, కాబట్టి హార్డ్‌కి లీ చేర్చి హార్డ్లీ. మీ అమ్మాయి అన్నయ్యను అలాగే పొగడబోయి తిట్టేసింది. నిజానికి పాతకాలపు ఇంగ్లీష్‌లో హార్డ్లీకి గట్టిగా, బలంగా అన్న అర్థం ఉండేది, అక్కణ్ణుంచి కష్టం మీద అన్న అర్థానికి, దాన్నుంచి ఇప్పటి అర్థానికి జారింది. ఈ చరిత్ర పిల్లలకు చెప్పక్కర్లేదు. హార్డ్, హార్డ్లీ రెండూ ఒకే లిస్టులో ఒకే రోజు నేర్పకండి, అది చాలు. లేట్, లేట్లీ విషయంలో కూడా ఇదే జాగ్రత్త.

సరే, ఇవి నెగటివా కాదా అన్నారు. వ్యాకరణం లెక్కలో నెగటివే. 1964లో ఎడ్వర్డ్ క్లైమా అనే అమెరికన్ భాషా శాస్త్రవేత్త ఒక వాక్యం నెగటివ్ అవునో కాదో తేల్చడానికి కొన్ని పరీక్షలు పెట్టాడు. చివర చేర్చే చిన్న ప్రశ్న ఎలా ఉంటుంది, నేను కూడా అనడానికి టూ వస్తుందా నైదర్ వస్తుందా, ఇలాంటివి. హార్డ్లీ, స్కేర్స్లీ, సెల్డమ్, రేర్లీ నాట్ లాగే ఆ పరీక్షలు నెగ్గుతాయి. చైనా వ్యాకరణ పుస్తకాల్లో వీటిని ‘బాన్ ఫోవ్‌దింగ్’ అంటారు, సగం నెగటివ్ అని. ఆ పేరు మీ పిల్లల్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. నాకు ఆ పేరు నచ్చదు. అర్థంలో సగం అయితే అవ్వచ్చు గానీ వాక్య నిర్మాణంలో అది పూర్తి నెగటివ్. సగం అనేసరికి పిల్లలు మిగతా సగం వేరే నాట్‌తో నింపాలనుకుంటారు.

నెగటివ్ అని ఒప్పుకున్నాక చాలా విషయాలు వాటంతటవే సర్దుకుంటాయి. హార్డ్లీ తర్వాత సమ్ కాదు, ఎనీ వస్తుంది. “హార్డ్లీ ఎనీ మిల్క్”, “హార్డ్లీ ఎనీబడీ”. ఒకరు “ఐ హార్డ్లీ ఎవర్ ఈట్ మీట్” అంటే పక్కవాడు “నైదర్ డు ఐ” అనాలి, లేదా “మీ నైదర్”. చైనీస్ పిల్లలు “మీ టూ” అంటారు, ఎందుకంటే వాళ్ల ‘యె’ పాజిటివ్‌కీ నెగటివ్‌కీ ఒకటే. మన ‘కూడా’ లాగే, నేను కూడా తింటాను, నేను కూడా తినను.

అసలు చిక్కు అవును, కాదు దగ్గర వస్తుంది. “నువ్వు టీ తాగవా?” అని అడిగితే మనం “అవును, తాగను” అనగలం. నువ్వన్నది నిజమే అని ఆ అవునుకి అర్థం. చైనీస్ కూడా అచ్చం ఇంతే, “దుయ్, బు హ”. ఇంగ్లీష్‌లో అవతలివాడు ఎలా అడిగాడన్నది లెక్కలోకి రాదు, నీ జవాబు పాజిటివ్ అయితే యెస్, నెగటివ్ అయితే నో. “యు హార్డ్లీ ఈట్ మీట్, డు యు?” అంటే మాంసం పెద్దగా తినని పిల్లవాడు “యెస్” అంటాడు. అడిగినవాళ్లు తికమక పడతారు, తినే పిల్లాడేమో అనుకుంటారు. అక్కడ నాట్ కనిపించదు కాబట్టి ఈ తప్పు మామూలు నెగటివ్ ప్రశ్నల కన్నా ఇక్కడ ఇంకా ఎక్కువ. నేను ఒక అలవాటు చేయిస్తాను: యెస్, నో దగ్గర ఆగవద్దు, వెనక చిన్న వాక్యం చేర్చు. “నో, నాట్ మచ్.” “యెస్, ఐ డు, ఆన్ సండేస్.” మొదటి మాట తప్పినా రెండో ముక్క కాపాడుతుంది.

ఇక్కడివరకు మనమూ చైనీస్ వాళ్లూ ఒకే దారిలో నడిచాం. ఒక్కచోట మాత్రం దారులు వేరు. మీరు జాగ్రత్తగా ఉండాల్సింది అక్కడే, ఎందుకంటే మీకు సహజంగా తోచే వివరణ వాళ్లకు పనిచేయదు. “హార్డ్లీ హ్యాడ్ హి గాట్ ఆఫ్ ద బస్ వెన్ ఇట్ స్టార్టెడ్ టు రెయిన్.” దీన్ని తెలుగులో “బస్సు దిగాడో లేదో వాన మొదలైంది” అంటాం. లేదో అన్న మాట ఉండనే ఉంది, అందుకని ఇక్కడ హార్డ్లీ రావడం మనకు వింతగా అనిపించదు. చైనీస్‌లో అది “థా యీ షియా చ, జియు షియా యు ల”. ‘యీ... జియు’ అన్న జోడీకి ఒకటి జరిగిన వెంటనే ఇంకొకటి అని అర్థం. ఎక్కడా ‘బు’ లేదు, లేదు అని చెప్పే ఇంకో మాట ‘మెయ్’ కూడా లేదు, నెగటివ్ వాసనే లేదు. పిల్లలు హార్డ్లీ... వెన్ అంటే ‘యీ... జియు’ అని పరీక్షల కోసం బట్టీ కొట్టి వస్తారు. దాంతో వాళ్ల బుర్రలో రెండు హార్డ్లీలు ఉంటాయి, ఒకటి ‘జీహు బు’, ఇంకోటి ‘వెంటనే’. రెండూ ఒకటే మాటని వాళ్లకు తట్టదు.

దీనికి చైనీస్‌లోనే వంతెన దొరుకుతుంది. వాళ్లు “థా హాయ్ మెయ్ జ్వో వెన్, దియెన్‌హ్వా జియు షియాంగ్ ల” అని కూడా అంటారు. ఇంకా సరిగ్గా కూర్చోనేలేదు, ఫోన్ మోగింది అని. ఇందులో ‘మెయ్’ ఉంది. ఆ వాక్యం బోర్డు మీద రాసి, ‘మెయ్’ కింద గీత గీసి, పక్కన “హి హ్యాడ్ హార్డ్లీ శాట్ డౌన్ వెన్ ద ఫోన్ ర్యాంగ్” రాయండి. మళ్లీ అదే సూత్రం, ‘మెయ్’ ఉన్న చోటు హార్డ్లీది. ఇక్కడ వెన్ బదులు దెన్, దాన్ అని రాస్తుంటారు. దాన్ వచ్చేది నో సూనర్ తర్వాత. ఒకసారి చెప్పి వదిలేయండి.

హార్డ్లీ వాక్యం మొదట్లోకి వస్తే హ్యాడ్ హి అని తిరగబడడం గురించి మీరు భయపడాల్సిన పనే లేదు. చైనాలో దీన్ని ‘దావ్‌జ్వాంగ్’ అంటారు, జూన్‌లో జరిగే ‘గావ్‌కావ్’ ప్రవేశ పరీక్షకు తయారయ్యేవాళ్లకు అది వెన్నతో పెట్టిన విద్య. హైస్కూల్ వయసు పిల్లలైతే మన కన్నా ధాటిగా రాసేస్తారు. సమస్య అతిగా వాడడమే. ఐఎల్ట్స్ ఇంటర్వ్యూలో “సెల్డమ్ డు ఐ ఈట్ బ్రేక్‌ఫాస్ట్” అంటే పరీక్షకుడికి నవ్వొస్తుంది. వ్యాసంలో ఒకసారి వాడితే చాలని చెప్పండి. చిన్న తరగతుల పిల్లలకు మాత్రం ఇది కొత్తే. చైనీస్‌లో ప్రశ్న అడగాలంటే చివర ‘మా’ తగిలిస్తే సరిపోతుంది, మనం ‘వచ్చాడా’ అని ఆ కారం తగిలించినట్టు, మాటల వరస మారదు. వాళ్లకు ముందు ప్రశ్న రాయించండి, “హావ్ ఐ సీన్ సచ్ ఎ మెస్?”. తర్వాత ప్రశ్నార్థకం తీసేసి ముందు రేర్లీ తగిలించమనండి. పని అయిపోతుంది.

ఇక బేర్లీ. మీరు అడిగిన వాటిలో ఎక్కువ సేపు ఆగాల్సింది దీని దగ్గర. డిక్షనరీల్లో దీనికి కూడా ‘జీహు బు’ అని రాసి ఉంటుంది. దాన్ని కొట్టేయించండి. నేను చేసే లెక్క ఇది. చైనా స్కూళ్లలో వందకు 60 వస్తే పాస్. కాలేజీ కుర్రాళ్ల నోట “ల్యూషి ఫెన్ వాన్‌స్వెయ్” అని ఒక మాట నలుగుతూ ఉంటుంది, అరవై మార్కులకు జేజేలు అని. అంతకు మించి చదవడం దండగ అని దాని భావం. బోర్డు మీద 59, 60 అని రెండు అంకెలు రాస్తాను. 59 వచ్చిన అమ్మాయి గురించి “షి ఆల్మోస్ట్ పాస్డ్”. ఫెయిల్ అయింది. 60 వచ్చిన అమ్మాయి గురించి “షి బేర్లీ పాస్డ్”. పాస్ అయింది. ఒక్క మార్కు తేడా, ఇంటికెళ్లాక అమ్మానాన్నల మొహాల్లో కనిపించే తేడా మాత్రం చాలా ఉంటుంది. బేర్లీని ‘జీహు బు’ అనుకుంటే ఆ పాస్ అయిన పిల్ల ఫెయిల్ కింద లెక్క అవుతుంది. సరైన చైనీస్ మాట ‘మియెన్‌చియాంగ్’, ఎలాగోలా, అతి కష్టం మీద అని. ‘మియెన్‌చియాంగ్ జీగ’ అంటే గట్టెక్కింది అనే అర్థం, ఏ పిల్లాడికీ అనుమానం రాదు. “షి ఈజ్ బేర్లీ ఎయిటీన్” లాంటి చోట ‘గాంగ్ మాన్’, ఇప్పుడే నిండాయి.

హార్డ్లీ, బేర్లీ మధ్య తేడా ఏమిటంటే, ఒకటి లేదు వైపు వాలుతుంది, ఇంకోటి ఉంది వైపు. “ఐ కెన్ హార్డ్లీ హియర్ యు” అన్నా “ఐ కెన్ బేర్లీ హియర్ యు” అన్నా ఫోన్‌లో అవతలివాడు గొంతు పెంచుతాడు, వాడుకలో పెద్ద తేడా లేదు. పాస్ కావడం, బస్సు అందుకోవడం లాంటి అయ్యిందా కాలేదా అని తేలిపోయే పనుల దగ్గర మాత్రం బేర్లీయే వాడాలి.

59, 60 ఆట ఆడుతున్నప్పుడు ఒక తెలివైన పిల్లాడు ఎప్పుడో ఒకప్పుడు ‘చా దియెన్’ ఎత్తుతాడు, సిద్ధంగా ఉండండి. అది మన ‘కొద్దిలో తప్పింది’ లాంటిది. ‘చా దియెన్ జీగ’ అంటే కొద్దిలో పాస్ తప్పింది, 59. ‘చా దియెన్ మెయ్ జీగ’ అంటే కొద్దిలో ఫెయిల్ తప్పింది, 60. ‘మెయ్’ తన పని తాను చేస్తోంది. ఇప్పుడు పడిపోవడం తీసుకోండి. ‘చా దియెన్ ష్వాయ్‌దావ్’ అంటే పడబోయి ఆగాను. ‘చా దియెన్ మెయ్ ష్వాయ్‌దావ్’ అన్నా పడబోయి ఆగాననే! ‘మెయ్’ ఉన్నా లేకపోయినా ఒకటే. పెకింగ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జూ దషీ 1959లోనే దీని మర్మం విప్పాడు. మాట్లాడేవాడు కోరుకునే విషయమైతే ‘మెయ్’కి విలువ ఉంటుంది, కోరుకోని విషయమైతే ‘మెయ్’ ఊరికే ఉంటుంది. పాస్ కావాలని అందరూ కోరుకుంటారు, పడిపోవాలని ఎవరూ కోరుకోరు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇలాంటి భాషలో పెరిగిన పిల్లాడు ‘దాదాపు’ పక్కన ఒక నెగటివ్ ఎక్కువైతే కొంప మునుగుతుందని అనుకోడు. వాడి భాషలో మునగదు. “ఐ ఆల్మోస్ట్ డిడ్ నాట్ ఫాల్ డౌన్” అని వాడు రాసింది అజాగ్రత్త కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, నీ చైనీస్‌లో ఈ ‘మెయ్’కి విలువ లేదు, ఇంగ్లీష్‌లో ప్రతి నాట్‌కీ విలువ ఉంటుంది అంటే మొహంలో వెలుగు కనిపిస్తుంది. మా టీచర్‌కి మా భాష సంగతి కూడా తెలుసన్న గౌరవం అదనం.

ఫ్యూ, లిటిల్ సంగతి మీరు అడగలేదు గానీ రేపో మాపో వస్తుంది. “ఐ హావ్ ఫ్యూ ఫ్రెండ్స్” నెగటివ్, “ఐ హావ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్” పాజిటివ్. చైనీస్‌లో ఎ, ద లాంటివి లేవు కాబట్టి ఆ చిన్న ఎ వాళ్ల కంటికి ఆనదు. వాళ్ల భాషలోనే సరిగ్గా సరిపోయే జోడీ ఉంది, ‘యో జీ గ’, ‘మెయ్ జీ గ’. ‘యో’ అంటే ఉంది, ‘మెయ్’ అంటే లేదు. కొందరున్నారు, పెద్దగా ఎవరూ లేరు. ఎ ఉంటే ‘యో’, లేకపోతే ‘మెయ్’ అని చెప్పండి. మాటల్లో మాత్రం “నాట్ మెనీ ఫ్రెండ్స్” అనడమే నయం.

పై తరగతుల పిల్లలకు ఇంకొక్క హార్డ్లీ ఉంది. “హి ఈజ్ హార్డ్లీ యాన్ ఎక్స్‌పర్ట్.” ఇక్కడ దాదాపు నిపుణుడు కాదు అని చదివితే తుస్సుమంటుంది. ఆయనేం పెద్ద నిపుణుడని, అన్న ధోరణి అది, మర్యాదగా వేసే చురక. చైనీస్‌లో దీనికి ‘స్వాన్ బు షాంగ్’ చక్కగా కుదురుతుంది, ఆ లెక్కలోకి రాడు అని. “ఇట్ ఈజ్ హార్డ్లీ సర్‌ప్రైజింగ్” అన్నా అంతే, ఆశ్చర్యపోవడానికి ఏముంది అని. పేపర్లలో, ఆఫీసు మెయిళ్లలో ఈ రకమే ఎక్కువ కనిపిస్తుంది. ‘జీహు బు’ పట్టుకుని చదివేవాళ్లు ఆ చురక పూర్తిగా మిస్సవుతారు.

ఒక హెచ్చరిక. అమెరికన్ సినిమాల్లో, పాటల్లో “ఐ కాంట్ హార్డ్లీ” అని వాళ్లే అంటుంటారు, పిల్లలు పట్టుకొచ్చి చూపిస్తారు. అది కొన్ని ప్రాంతాల వాడుక, వాళ్ల ఇళ్లలో అది తప్పేమీ కాదు, పరీక్షలో రాస్తే మార్కు పోతుంది. ఇంతకన్నా వాదన వద్దు.

ఇప్పుడు మీ టెస్ట్ పేపర్ ప్రశ్న. “హి హార్డ్లీ ఎవర్ కమ్స్ లేట్” తర్వాత ఏం రావాలి, “డజ్ హి” అని కీలో ఉంది, పిల్లాడు “డజంట్ హి” అని రాశాడు, వాళ్ల నాన్న ఒప్పుకోవట్లేదు అన్నారు. కీ కరెక్టే. ఆయనకు ఇలా చూపించండి: హార్డ్లీ ఎవర్ బదులు నెవర్ పెట్టి చదవమనండి, “హి నెవర్ కమ్స్ లేట్, డజ్ హి?”. అది ఆయనకు అనుమానం లేకుండా వచ్చి ఉంటుంది, రెండిటికీ ఒకటే న్యాయం. చైనీస్‌లో దేనికైనా ‘దుయ్ మా’ ఒకటే చాలు, మనకు ‘కదా’ ఉన్నట్టు, సింగపూర్ వీధుల్లో ఇంగ్లీష్ మాటల చివర “ఈజ్ ఇట్” వినిపించినట్టు. అందుకే ఇంట్లో ఎవరూ ఈ తేడా పట్టించుకోరు. ఇదే ప్రశ్న బేర్లీతో మాత్రం పేపర్లో ఇవ్వకండి. “షి బేర్లీ పాస్డ్” తర్వాత “డిడ్ షి” రావాలా “డిడంట్ షి” రావాలా అన్న దాని మీద ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లకే ఒక మాట ఉండదు, ఆ నాన్నగారు మళ్లీ వస్తే మీ దగ్గర చూపించడానికి గట్టి జవాబు దొరకదు.